ఫుకుషిమా అంకెల పనిలో దిగుతున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి,

జపాన్‌లో 2011 మార్చి సునామీకి దెబ్బతిని రియాక్టర్లలో ఇంధనం కరిగిన ఫుకుషిమా దాయిచి అణు విద్యుత్ కేంద్రం గురించి బయటికొచ్చే పట్టికలు, ఫొటోలు, కెమెరా దృశ్యాలు ముందేసుకుని ఆన్‌లైన్‌లో పరిశీలించే వాలంటీర్లలో నువ్వూ చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ వెంటనే నీ ఉత్తరం కూడా వచ్చింది. చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నన్ను అడిగావు, సంతోషం. కానీ "వాళ్లు దాస్తున్నది ఎలా పట్టుకోవాలి బాబాయ్?" అన్న నీ ప్రశ్న మాత్రం కాస్త తొందరపాటుగా అనిపించింది. దాచారు, నిజమే. ఆ సంగతి కింద రాస్తాను. అయితే దాచారని ముందే తీర్మానించుకుని ఫైలు తెరిస్తే ప్రతి అంకెలోనూ కుట్రే కనిపిస్తుంది. ఏమీ జరగలేదని తీర్మానించుకుని తెరిచినవాళ్లకు అసలేమీ కనిపించదు. నేను రెండు రకాల వాళ్లనీ చూశాను.

ముందు అడగాల్సింది వేరే ఉంది. ఈ అంకె ఎలా వచ్చింది? ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఎంత దూరం నుంచి, ఏ రోజున, ఏ యూనిట్‌లో రాశారు? ఇవి తేలేదాకా అది పెద్ద అంకెనా చిన్న అంకెనా అన్న చర్చలోకి దిగకు.

2017 ఫిబ్రవరి సంగతి చూడు. రెండో రియాక్టరు కంటెయిన్‌మెంట్ (రియాక్టరు చుట్టూ ఉండే రక్షణ గది) లోపల రేడియేషన్ గంటకు 530 సీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలమానం) ఉందని టెప్కో, అంటే ఆ కేంద్రాన్ని నడిపిన కంపెనీ, ప్రకటించింది. అంతకుముందు 2012లో అక్కడ కొలిచిన గరిష్ఠం 73. ఇంకేముంది, ఫుకుషిమాలో రేడియేషన్ అమాంతం పెరిగిపోయిందని ప్రపంచమంతా హెడ్డింగులు. పెరిగిందని ఎవరన్నారు? 2012లో కొలిచిన చోటు వేరు, ఇప్పుడు కెమెరా చేరిన చోటు వేరు. పైగా 530 అనేది మీటరు చూపించిన అంకె కాదు. రేడియేషన్ తగిలినప్పుడు వీడియోలో తెల్లటి చుక్కలు పడతాయి. ఆ చుక్కల్ని బట్టి కట్టిన అంచనా అది. 30 శాతం అటూ ఇటూ ఉండొచ్చని కంపెనీ అప్పుడే చెప్పింది కూడా. అదే నెలలో ఇంకో దృశ్యం చూసి 650 అన్నారు. జులైకి వచ్చేసరికి, లెక్కలో పొరపాటు జరిగింది, 530 అన్నది నిజానికి 70, 650 అన్నది 80 అని సవరించుకున్నారు. ఈ సవరణ వార్త ఎంతమంది చదివారంటావు? ఇవాళ్టికీ 530 అంకె పట్టుకుని వాదించేవాళ్లు తగులుతూనే ఉంటారు.

అలాంటి అంకె వచ్చిన రోజున నీ నోట్‌లో ఇలా రాసుకుంటే చాలు: "కొత్త చోటు. వీడియో నుంచి అంచనా. తేడా 30 శాతం." దాని పక్కన తేదీ. సవరణ వస్తే పాత అంకెను చెరిపేయకుండా దాని కిందే కొత్తది రాయి, ఎందుకు మారిందో కూడా రాయి. అంకెలు మారిన చరిత్రే మన దగ్గర ఉన్న అసలు ఆస్తి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఫైలు పేరు మారొచ్చు, లింకు పోవచ్చు. అందుకని చూసిన ప్రతి ఫైలునూ దింపి దాచుకో.

మీటరుకు ఉండే హద్దు గురించి కూడా చెప్పాలి. 2013 ఆగస్టులో నీటి ట్యాంకుల్లో ఒకదాన్నుంచి 300 టన్నుల కలుషిత నీరు కారిపోయిందని తేలాక అన్ని ట్యాంకులనూ తనిఖీ చేశారు. ఒక చోట గంటకు 100 మిల్లీసీవర్టులు వచ్చింది. కొద్ది రోజులకే అదే చోట 1,800 అన్నారు. పద్దెనిమిది రెట్లు పెరిగిందని గగ్గోలు. అసలు కథేమిటంటే మొదట వాడిన మీటరు 100 దాటి చూపించలేదు. వంద కిలోల వరకే తూచే కాటా మీద ఏనుగును నిలబెట్టినా ముల్లు వంద దగ్గరే ఆగుతుంది కదా, అంతే. అందుకే ఏ అంకె అయినా 100, 1,000 లాంటి గుండ్రటి సంఖ్య దగ్గర ఆగిపోతే ముందు మీటరు రేంజి ఎంతో వెతుకు. 2011 మార్చి చివర్లో రెండో రియాక్టరు టర్బైన్ భవనం నీటి దగ్గర "1,000 మిల్లీసీవర్టులకు పైన" అన్నది కూడా ఇలాంటిదే. ఆ "పైన" అన్న మాట రెండో రోజుకే వార్తల్లోంచి ఎగిరిపోయింది.

ఇక్కడ తప్పెవరిది? మీటరు హద్దు సంగతి ముందే గట్టిగా చెప్పనందుకు కంపెనీది కూడా అని నా అభిప్రాయం. కానీ ఆ 1,800లో ఎక్కువ భాగం బీటా రేడియేషన్. ట్యాంకుకు 5 సెంటీమీటర్ల దగ్గర కొలిచినది. అర మీటరు వెనక్కి జరిగితే 15కు పడిపోయింది. బీటా గాలిలో ఎక్కువ దూరం పోదు, గామా అనే ఇంకో రకం పోతుంది. "నాలుగు గంటలు నిలబడితే మనిషి చచ్చిపోతాడు" అని రాసినవాళ్లు ఈ తేడా చూడలేదు. దూరం, బీటానా గామానా అనే ఈ రెండు గడులూ నీ పట్టికలో ఖాళీగా ఉండకూడదు.

యూనిట్ల విషయం త్వరగా ముగిస్తాను, నువ్వు సైన్సు చదివినదానివే. మిల్లీకీ మైక్రోకీ వెయ్యి రెట్ల తేడా. టెప్కో పట్టికల్లో నీటి కొలతలు చాలాసార్లు ఘన సెంటీమీటరుకు ఇన్ని బెక్వెరెళ్లు (సెకనుకు ఎన్ని పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయన్న లెక్క) అని ఉంటాయి. లీటరు లెక్కలోకి తేవాలంటే వెయ్యితో గుణించాలి. 1.4E+05 అని కనిపిస్తే 1,40,000 అని చదువుకో. జపాన్ వాళ్లు పదివేలను ఒక గుంపుగా లెక్కపెడతారు. తర్వాతి గుంపు మన పది కోట్లు. ఆటోమేటిక్ అనువాదం ఇక్కడే తడబడి ఒకటో రెండో సున్నాలు మింగేస్తుంది. తేదీల్లో జపాన్ చక్రవర్తుల పాలనను బట్టి లెక్కించే సంవత్సరాలు ఉంటాయి, హెయిసెయి 23 అంటే 2011. 2019 మే నుంచి రెయివా సంవత్సరాలు. టైము ఎప్పుడూ జపాన్ టైమే.

"ఎన్‌డీ" అని రాసి ఉన్న గడి దగ్గర మాత్రం ఆగు. దాని అర్థం సున్నా అని కాదు, పరికరానికి అందలేదని. ఎంతకంటే తక్కువైతే అందదో ఆ గుర్తింపు హద్దు పక్కనో కిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. సముద్రపు నీటిలో ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, గబగబా కొలిచే పద్ధతిలో ఆ హద్దు లీటరుకు సుమారు 10 బెక్వెరెళ్లు. తీరిగ్గా కొలిచే పద్ధతిలో అంతకంటే చాలా తక్కువ. రెండు పద్ధతుల ఫలితాలనూ ఒకే గ్రాఫులో గీసి "ఫలానా రోజున ట్రిటియం మాయమైంది" అని సంబరపడకు.

2011 అక్టోబరులో టోక్యోలోని సెతగాయాలో స్థానికులు వీధి పక్కన రేడియేషన్ ఎక్కువగా ఉందని కనిపెట్టారు. అందరూ ఫుకుషిమా నుంచే వచ్చిందనుకున్నారు. తీరా చూస్తే పక్క పాత ఇంట్లో నేల కింద రేడియం సీసాలు ఉన్నాయి. మీటరు అంకె సరైనదే, అది దేన్నుంచి వస్తోందో మీటరు చెప్పలేదు. దానికి స్పెక్ట్రమ్, అంటే రేడియేషన్ శక్తిని బట్టి అది ఏ పదార్థమో చూపే కొలత, కావాలి. మట్టిలోనో చేపలోనో రేడియోధార్మిక సీజియం దొరికితే అది ఈ ప్రమాదానిదా, పాత బాంబు పరీక్షలదా అని తేల్చే ఉపాయం ఒకటుంది. ఫుకుషిమా నుంచి బయటపడ్డప్పుడు దాని రెండు రకాలు, సీజియం 134, సీజియం 137, దాదాపు సమానంగా ఉన్నాయి. 134 సగమవడానికి రెండేళ్లు, 137కి ముప్పై ఏళ్లు. కాబట్టి ఇన్నేళ్ల తర్వాత 134 ఎంత మిగిలి ఉండాలో లెక్క కట్టొచ్చు. ఆ నిష్పత్తి కుదిరితే ఇక్కడిదే. అసలు 134 ఆనవాలే లేకపోతే తొందరపడకు, మామూలు పరికరానికి అది అందనంత తగ్గిపోయి ఉండొచ్చు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

కెమెరా చూసే పని ఒప్పుకున్నావా? ఓపిక కావాలి. 2013 జులైలో మూడో రియాక్టరు భవనం మీద ఆవిరి కనిపించింది. ఉష్ణోగ్రత, పీడనం ఏమీ మారలేదు. లోపలికి దిగిన వాన నీరు వేడికి ఆవిరవుతోందని తేల్చారు. ఆ ఏడాది చివర్లో అదే ఆవిరిని పట్టుకుని ఇంధనం మళ్లీ కరిగిపోతోందనీ, పేలబోతోందనీ పుకారు లేచింది. తెల్లటి పొగ కనబడగానే ఆ రోజు వాన పడిందా, గాలిలో తేమ ఎంత, పక్కనున్న మానిటరింగ్ పోస్టు (ఎప్పుడూ రేడియేషన్ కొలుస్తూ ఉండే స్థిర పరికరం) అంకె కదిలిందా చూడు. నిజంగా ఏదైనా జరిగితే ఒక్క కెమెరాలోనే కనిపించి ఊరుకోదు.

పుకార్ల మీద ఎక్కువ సమయం పోగొట్టుకోకు. పసిఫిక్ అంతా ఎర్రగా మండిపోతున్నట్టున్న పటం నీకూ వచ్చే ఉంటుంది. అది సునామీ అలల ఎత్తు చూపే అమెరికా సంస్థ పటం, రేడియేషన్‌తో సంబంధమే లేదు. వంకర తిరిగిన డెయిజీ పూల ఫొటో కూడా అంతే, ఆ వైకల్యం ఎక్కడి పూలకైనా వస్తుంది. రెండు ముక్కల్లో జవాబు రాసి పనిలోకి వెళ్లిపో.

ఇప్పుడు నువ్వడిగిన దాపరికం సంగతి. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిందని టెప్కో ఒప్పుకున్నది 2011 మే నెలలో, అంటే రెండు నెలలకు. మెల్ట్‌డౌన్, అంటే ఇంధనం కరగడం, అన్న మాట వాడొద్దని అప్పటి ప్రెసిడెంటు సిబ్బందికి చెప్పాడని 2016లో బయటపడి కంపెనీ క్షమాపణ చెప్పింది. కోర్, అంటే రియాక్టరులో ఇంధనం ఉండే భాగం, 5 శాతం మించి దెబ్బతింటే మెల్ట్‌డౌన్ అనాలని వాళ్ల మాన్యువల్‌లోనే ఉందట! ప్రభుత్వమూ తక్కువ తినలేదు. రేడియేషన్ ఎటు పోతోందో అంచనా వేసే స్పీడీ అనే వ్యవస్థ ఉండి కూడా దాని పటం మార్చి 23 దాకా జనానికి చూపలేదు. ఆలోగా నమియె పట్టణం వాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లిన త్సుషిమా వైపే రేడియేషన్ మేఘం కూడా వెళ్లింది. 2018లో ఇంకొకటి. శుద్ధి చేసిన నీటిలో ట్రిటియం తప్ప చెప్పుకోదగ్గది ఏమీ లేదన్నట్టు మాట్లాడుతూ వచ్చి, పత్రికలు బయటపెట్టాక, ట్యాంకుల్లో 80 శాతం నీటిలో ఇతర పదార్థాలు కూడా విడుదల పరిమితిని మించి ఉన్నాయని ఒప్పుకున్నారు.

ఈ మూడూ ఎలా బయటపడ్డాయో గమనించావా? వాళ్ల మాన్యువల్, వాళ్ల పటాలు, వాళ్ల కొలతలు చదివితేనే. కోపంతో అరిచినందువల్ల బయటపడలేదు. అదే సమయంలో 2011 మార్చి 27న ఆ టర్బైన్ భవనం నీటిలోనే రేడియోధార్మికత మామూలుకంటే కోటి రెట్లు అని ప్రకటించి, అదే రోజు రాత్రి కాదు, లక్ష రెట్లు అని దిద్దుకున్నది కూడా ఇదే కంపెనీ. పొరపాటును దాపరికం అని రాస్తే, నిజంగా దాచిన రోజున నీ మాట వినేవాళ్లు ఉండరు. పేరున్న పత్రికలకే ఈ జాగ్రత్త తప్పింది. ప్లాంటు మేనేజరు యొషిదా వాంగ్మూలం ఆధారంగా, ఆదేశాన్ని ధిక్కరించి సిబ్బందిలో తొంభై శాతం పారిపోయారని 2014 మేలో అసాహి పత్రిక రాసింది. సెప్టెంబరులో ప్రభుత్వం పూర్తి వాంగ్మూలం బయటపెట్టిన రోజే ఆ కథనాన్ని వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది. మొత్తం కాగితం చదవకుండా ఎవరినీ పిరికివాడని అనొద్దు.

సొంతంగా కొలిచేవాళ్లతో కూడా పరిచయం పెంచుకో. సేఫ్‌కాస్ట్ అనే వాలంటీర్ల సంస్థ ప్రమాదం జరిగిన నెలలోనే మొదలై, కార్లకు మీటర్లు బిగించి రోడ్ల వెంట తిరుగుతూ కొలిచి, ఆ సమాచారమంతా ఎవరైనా వాడుకునేలా వదిలేసింది. ఇవాకిలో తారచినె అని తల్లులు నడిపే పరీక్షా కేంద్రం ఉంది, తిండి, మట్టి, నీరు తెచ్చినవి తెచ్చినట్టు కొలిచి చెప్తారు. ప్రభుత్వ అంకెలతో వీళ్లవి పోల్చు. చాలాచోట్ల కలుస్తాయి. కలవని చోట ఎందుకు కలవలేదన్నది నీకు పని.

ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉంటాను. మనుషుల పేర్లు, ఇళ్లు, వైద్య పరీక్షల ఫలితాలు నీ చేతికొచ్చినా ముట్టుకోకు. దాతె నగర ప్రజలు ఒంటికి పెట్టుకున్న డోస్ మీటర్ల లెక్కలతో శాస్త్రవేత్తలు రాసిన రెండు పరిశోధన పత్రాలను 2020లో జర్నల్ వెనక్కి తీసుకుంది. వేలాది మంది అనుమతి లేకుండా వాళ్ల వివరాలు వాడారు కాబట్టి. ఇక ఫుకుషిమా నుంచి యోకొహామాకు వచ్చిన ఒక పిల్లవాణ్ణి బడిలో తోటివాళ్లు "క్రిమి" అని ఏడిపించి డబ్బులు కూడా గుంజారు. నువ్వు ఒక ఊరి పేరు పక్కన ఎర్ర రంగు వేసేముందు అక్కడ ఇప్పుడు బతుకుతున్నవాళ్లున్నారని గుర్తుపెట్టుకో. గంటకు 0.23 మైక్రోసీవర్టులు దాటితే చాలు ఎర్ర రంగు వేసేస్తున్నారు కొందరు. రోజుకు ఎనిమిది గంటలు బయట, పదహారు గంటలు చెక్క ఇంట్లో ఉంటే ఏడాదికి ఒక మిల్లీసీవర్టు అదనంగా తగులుతుందన్న ఊహ మీద కట్టిన అంకె అది. ప్రమాదపు గీతగా కట్టింది కాదు.

మొదటి పనిగా, ట్యాంకుల్లోని శుద్ధి చేసిన నీటిని సముద్రంలోకి వదిలే విడుదల పట్టికలు తీసుకో. 2023 ఆగస్టు 24న మొదలైంది, కాబట్టి కావలసినంత సమాచారం ఉంది. అందులో మూడు చోట్ల కొలతలు ఉంటాయి: సముద్రపు నీటితో పలుచన చేయకముందు ట్యాంకులో, పలుచన చేశాక, బయట సముద్రంలో. మొదటి విడతలో ట్యాంకు నీటిలో ట్రిటియం లీటరుకు లక్ష బెక్వెరెళ్లు దాటింది. పలుచన చేశాక 1,500 మించకూడదన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. మొదటి అంకెను మూడో చోట అతికించి భయపెట్టేవాళ్లూ ఉన్నారు, మూడో అంకె ఒక్కటే చూపించి ఊరడించేవాళ్లూ ఉన్నారు. ఒక విడత ఎంచుకుని మూడు చోట్ల అంకెలూ, పద్ధతీ, గుర్తింపు హద్దూ, తేదీతో పట్టిక వేసి పంపు. ఎక్కడైనా గడి ఖాళీగా మిగిలితే ఖాళీగానే వదిలెయ్యి, అంచనాతో నింపకు. నేను చూసి తిప్పి పంపుతాను.

బాబాయ్