పుంత లేని చేను

చిరంజీవి సుధకు,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమం. నువ్వు పంపిన నలభై పేజీలూ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. అఫ్గానిస్తాన్‌లోని నాటో (అమెరికా, దాని మిత్రదేశాల కూటమి) సేనలకి పాకిస్తాన్ మీదుగా సరుకు వెళ్లిన దారుల ఖర్చు మీద థీసిస్ అంటే చిన్న పని కాదు. ఆర్మీ సర్వీస్ కోర్‌లో ఇరవై ఆరేళ్లు సరుకు మోసినవాణ్ణి కాబట్టి, నాకు తోచింది దాచుకోకుండా రాస్తున్నాను.

మొదటి అధ్యాయంలో వేసిన పట్టిక తీసెయ్యమ్మా. పాకిస్తాన్ ప్రభుత్వానికి కంటైనర్‌కి సుమారు 250 డాలర్లు ముట్టేవని రాసి, దాన్ని కంటైనర్ల సంఖ్యతో గుణించి, దారి ఖర్చు ఇదీ అని తేల్చావు. అది రసీదు మీద అంకె. ఖర్చు వేరే చోట ఉంది.

చెరువు కింద మన చేను నీకు తెలుసుగా, దానికి పుంత లేదు, అంటే రోడ్డెక్కడానికి సొంత బండిదారి లేదు. ఏడాదంతా పక్క రైతుతో మాటా మంచీ బాగానే ఉంటుంది. కుప్పలు నూర్చి బస్తాలు రోడ్డెక్కించాల్సిన వారం మాత్రం ఆయన ఎలా అంటే అలా. మబ్బు పట్టిందంటే ఇంక చెప్పక్కర్లేదు. అమెరికాకి అఫ్గానిస్తాన్ అచ్చం అలాంటి చేనే. సముద్రం లేదు. కరాచీ రేవులో దించిన సరుకు పెషావర్ మీదుగా సరిహద్దులోని టోర్ఖమ్ గేటైనా దాటాలి, క్వెట్టా మీదుగా చమన్ గేటైనా దాటాలి. అలాంటి దారి వెల తెలిసేది గేటు మూసిన రోజున. నీ లెక్క కూడా అక్కడే మొదలుపెట్టు.

2011 నవంబరు 26. అఫ్గాన్ సరిహద్దులోని సలాలా సైనిక పోస్టుల మీద నాటో విమానాల దాడిలో 24 మంది పాకిస్తాన్ సైనికులు చనిపోయారు. వెంటనే పాకిస్తాన్ రెండు గేట్లూ మూసేసింది. తన దేశంలో అమెరికా వాడుకుంటున్న షమ్సీ వైమానిక స్థావరం ఖాళీ చెయ్యమంది. సరుకులో చాలా భాగం రష్యా, మధ్య ఆసియాల మీదుగా ఉత్తరపు చుట్టుదారి పట్టింది. అంతకుముందు నెలకి 1.7 కోట్ల డాలర్లు అయ్యే రవాణా 10.4 కోట్లకి ఎక్కిందని 2012 జనవరిలో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ లెక్కలే చెప్పాయి. అంటే ఆరు రెట్లు. జూన్‌లో అమెరికా రక్షణ మంత్రి పనెట్టా, ఈ మూత వల్ల నెలకి పది కోట్ల డాలర్ల అదనపు భారం పడుతోందని సెనెట్ సభ్యుల ముందే చెప్పాడు.

గేటు తెరవడానికి పాకిస్తాన్ అడిగింది రెండు. ఒకటి క్షమాపణ, రెండోది లారీకి 5,000 డాలర్ల దాకా రుసుము. ఏడు నెలలు బేరం నడిచింది. చివరికి 2012 జులై 3న అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్, పాకిస్తాన్ విదేశాంగ మంత్రి హీనా రబ్బానీ ఖర్‌తో ఫోన్‌లో మాట్లాడి, సైనికుల మృతికి సారీ చెప్పింది. గేట్లు తెరుచుకున్నాయి, అదీ పాత 250 డాలర్ల రేటుకే! నీ పట్టికలో చూస్తే ఆ ఏడు నెలల్లో ఏమీ మారనట్టే ఉంటుంది. కానీ అంతవరకు ఆపి ఉంచిన సంకీర్ణ సాయం (తీవ్రవాదంపై పోరులో పాకిస్తాన్ పెట్టిన ఖర్చుకి అమెరికా తిరిగి ఇచ్చే డబ్బు) బాకీ, 110 కోట్ల డాలర్ల పైచిలుకు, ఆ తర్వాతే విడుదలైంది. అది వేరే పద్దులో ఉంటుంది. అందుకని ఏ సంవత్సరం లెక్క తీసినా, దారి పేరుతో ఇచ్చిన డబ్బు పక్కనే వేరే పేర్లతో ఇచ్చిన డబ్బు కూడా పెట్టుకో. ప్రతి సాయమూ దారి కోసమే ఇచ్చారని తేల్చెయ్యకు. ఏ నెలలో ఆపారో, ఏ నెలలో వదిలారో తేదీలు మాత్రం పక్కపక్కన రాయి.

ఆగిన బండి కూడా తింటుందమ్మా. ఒక అక్టోబరులో లేహ్‌కి చలికాలపు నిల్వలు తీసుకెళ్తూ, జోజిలా మీద మంచు పడి సోనామర్గ్‌లో ఐదు రోజులు ఆగిపోయాం. డీజిల్ చిక్కబడిపోతుందని రాత్రిళ్లు గంటకోసారి లేచి ఇంజన్లు తిప్పేవాళ్లం. ప్రతి బండికీ కార్ డైరీ ఉంటుంది. ఆ ఐదు రోజులూ నా బండి డైరీలో కిలోమీటర్ల గడిలో సున్నా, డీజిల్ గడిలో మాత్రం రోజూ ఒక అంకె. అది మన దేశంలో, మన రోడ్డు మీద, మంచు వల్ల వచ్చిన ఆలస్యం. కరాచీలో నెలల తరబడి నిలిచిపోయిన ట్యాంకర్లూ, కంటైనర్ లారీలూ అలాంటివే. ఆ సున్నా గడి పక్కన ఎవరు ఎంత కట్టారో వెతుకు. డ్రైవరు బత్తెం ఎవరిచ్చారు? రేవు అద్దె ఎవరిచ్చారు? నీ థీసిస్‌కి ప్రాణం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఉత్తరపు దారిని నువ్వు రెండు పేరాల్లో దాటేశావు. అది చాలదు. 2009లో మొదలైన ఆ దారిలో సరుకు లాట్వియాలోని రీగా రేవులో దిగి, రష్యా, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ రైళ్ల మీద వచ్చి, అఫ్గాన్ సరిహద్దున తెర్మెజ్ దగ్గర అమూ దర్యా నది వంతెన దాటేది. ఆయుధాలు కాని సరుకుకే అనుమతి. ఒక గేటువాడి బెడద తప్పించుకోబోతే నలుగురు గేటువాళ్లు తగిలారన్నమాట. ఇదే ఉజ్బెకిస్తాన్ 2005లో ఏం చేసిందో చూడు. మే నెలలో అందిజాన్‌లో జనం మీద ప్రభుత్వం కాల్పులు జరిపితే అమెరికా విమర్శించింది. జులైకల్లా అక్కడ అమెరికా సేనలున్న కర్షీ ఖనాబాద్ స్థావరం ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. మళ్లీ అదే ప్రభుత్వాన్ని దారి ఇమ్మని అడగాల్సి వచ్చినప్పుడు, ఏ మాటలు మింగాల్సి వచ్చిందో కూడా ఖర్చే. దానికి అంకె వెయ్యలేవు, ఒక పేరా అయితే రాయగలవు.

కిర్గిజ్‌స్తాన్‌లో అమెరికా వాడుకున్న మనాస్ వైమానిక స్థావరానికి మాత్రం అంకె దొరుకుతుంది. 2009 ఫిబ్రవరిలో రష్యా 200 కోట్ల డాలర్ల అప్పూ సాయమూ ఇస్తానన్న రోజుల్లోనే అధ్యక్షుడు బకియెవ్ స్థావరం మూసేస్తానన్నాడు. జూన్‌కల్లా దాన్ని ‘రవాణా కేంద్రం’ అని పేరు మార్చి, ఏడాది అద్దె 1.74 కోట్ల డాలర్ల నుంచి 6 కోట్లకి పెంచి ఉండనిచ్చారు. మరుసటేడు ఏప్రిల్‌లో ఆయన పదవే పోయింది. 2014లో స్థావరమూ మూతపడింది.

ఇరాక్ యుద్ధానికి అమెరికా సేనల్ని తమ దేశం మీదుగా వెళ్లనివ్వాలా అని 2003 మార్చి 1న తుర్కియే (టర్కీ) పార్లమెంటు వేసిన ఓటును కూడా వదలకు. అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250. అయినా తటస్థులు 19 మంది ఉండటంతో హాజరైనవాళ్లలో సగం దాటక తీర్మానం వీగిపోయింది. సామాన్లతో సముద్రంలో కాచుకున్న అమెరికా నాలుగో పదాతి డివిజన్ ఓడలు కువైట్‌కి మళ్లాయి.

ఇంకో మాట. నీ నలభై పేజీల్లో డ్రైవరు ఎక్కడా కనపడలేదు, అది నాకు బాధగా ఉంది. 2010 సెప్టెంబరు చివర్లో నాటో హెలికాప్టర్ దాడిలో పాకిస్తాన్ సరిహద్దు జవాన్లు చనిపోతే టోర్ఖమ్ గేటు సుమారు పది రోజులు మూశారు. ఆ రోజుల్లోనే సింధ్‌లోని షికార్‌పూర్ దగ్గర ఆగి ఉన్న ట్యాంకర్లని తగలబెట్టారు. గేటు దాటినా దారి నిష్కంటకం కాదు. అఫ్గాన్ లోపల లారీల కాంట్రాక్టు 216 కోట్ల డాలర్లది. అందులోంచి రక్షణ పేరుతో స్థానిక ముఠా నాయకులకి డబ్బు పారిందనీ, తాలిబన్లకీ కొంత చేరి ఉండొచ్చనీ అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘమే 2010 జూన్‌లో రాసింది. శత్రువుకి కట్టిన సుంకాన్ని ఏ గడిలో వెయ్యాలో గట్టిగా ఆలోచించు.

మన సంగతి కూడా ఒక పేజీ రాయి. పాకిస్తాన్ మనకి అఫ్గానిస్తాన్‌కి భూమి దారి ఇవ్వదు కాబట్టే, మన బోర్డర్ రోడ్స్ వాళ్లు అఫ్గానిస్తాన్‌లో ఇరాన్ సరిహద్దున ఉన్న జరంజ్ నుంచి దెలారామ్ దాకా 218 కిలోమీటర్ల రోడ్డు వేసి 2009లో అప్పగించారు. ఇరాన్ వైపు నుంచి వెళ్లేందుకన్నమాట. ఆ పనిలో మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాత పాకిస్తాన్ మీదుగా అఫ్గానిస్తాన్‌కి 50,000 టన్నుల గోధుమలు సాయంగా పంపాలన్నా, నెలల మంతనాల తర్వాత 2022 ఫిబ్రవరి 22న గానీ మొదటి లారీలు మన పంజాబ్ సరిహద్దులోని అటారీ దాటలేదు. అవి కూడా అఫ్గాన్ నుంచి వచ్చిన లారీలే. అది సైన్యం సరుకు కాదు. అయినా గేటు గేటే.

ముందుగా 2011 డిసెంబరు నుంచి 2012 జూన్ దాకా ఏడు నెలలకి ఏడు గడులు గీసి, దొరికినవి నింపి పంపు. దొరకనివి ఖాళీగానే ఉంచు, అంచనాలతో పూడ్చకు. నేను పెన్సిల్ చెక్కి పెట్టుకున్నాను.

మీ మావయ్య