హైడ్రైడ్ ట్యాంకు కట్టబోయే నీకు

తల్లీ,

నీ మెయిల్ చదివాను. మిగిలిన సోలార్ కరెంటుతో నీళ్లను ఎలక్ట్రోలైజర్‌లో విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ని లోహంలో హైడ్రైడ్‌గా కలిపి దాచి, కావాల్సినప్పుడు దాన్నుంచి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌కి పంపే చిన్న సిస్టమ్ కడతానన్నావు, సంతోషం. అయితే ఏ మిశ్రలోహం తన బరువులో ఎంత శాతం హైడ్రోజన్ పట్టుకుంటుందో అంత పెద్ద టేబుల్ వేశావు గానీ, వేడి అన్న మాట ఒక్కచోట కూడా కనపడలేదు. మొదట్లో నేనూ ఇలాగే చేసి దెబ్బతిన్నాను, అందుకే ఈ ఉత్తరం.

లోహం హైడ్రోజన్‌ని మింగేటప్పుడు వేడి వదులుతుంది, తిరిగి ఇచ్చేటప్పుడు అంత వేడీ అడిగి తీసుకుంటుంది. ఒక లాంథనం పరమాణువుకి ఐదు నికెల్ పరమాణువులు ఉండే మిశ్రమమే చూడు, మోల్ హైడ్రోజన్‌కి సుమారు 30 కిలోజౌళ్లు. చిన్నగా కనిపిస్తుంది కదా? కేజీ హైడ్రోజన్ అంటే 500 మోల్స్, అంటే 15 మెగాజౌళ్లు, 4 కిలోవాట్ అవర్ల పైమాటే. గంటలో కేజీ నింపాలనుకున్నావంటే ఆ గంటసేపూ ట్యాంకు లోపల 4 కిలోవాట్ల హీటర్ వెలుగుతున్నట్టే లెక్క.

ఆ వేడి తీయకపోతే పేలిపోతుందేమోనని టెన్షన్ పడకు, జరిగేది వేరు. లోహపు పొడి వేడెక్కేకొద్దీ దాని ప్లాటో ప్రెషర్, అంటే అది హైడ్రోజన్‌ని మింగడానికి కావాల్సిన కనీస ప్రెషర్, పెరుగుతుంది, అది నువ్వు పంపే గ్యాస్ ప్రెషర్‌ని అందుకోగానే మింగడం ఆగిపోతుంది. మీటర్ చూసి ట్యాంకు నిండిందనుకుంటావు, నిజానికి సగం కూడా నిండదు. బయటికి తీసేటప్పుడు దీనికి తలకిందులుగా, పొడి చల్లబడిపోయి, ప్రెషర్ పడిపోయి, ఫ్యూయల్ సెల్ ఆగిపోతుంది. (ఈ గుణమే ఒక రకంగా రక్ష కూడా, లీకైనా గ్యాస్ ఒక్కసారిగా తన్నుకురాదు.)

లోహం కదా, వేడిని బాగానే పంపుతుందిలే అనుకోకు. నాలుగుసార్లు నింపి తీసేసరికి ముక్కలు పగిలి మెత్తటి పొడైపోతుంది, రేణువులు ఒకదానికొకటి అక్కడక్కడే తగులుతాయి కాబట్టి వేడి కదలదు. అందుకే వేడిని బాగా పంపే ఉబ్బించిన గ్రాఫైట్ కలిపి బిళ్లలుగా నొక్కడం, లోపల రెక్కలు పెట్టడం, నీటి గొట్టాలు తిప్పడం. ముందు ఈ బొమ్మ గీసుకో, లోహం ఏదన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

నీ టేబుల్లో మెగ్నీషియంకి ఎర్ర గుర్తు పెట్టావు. 7.6 శాతం చూసి ఎవరికైనా నోరూరుతుంది. కానీ అది మోల్‌కి 75 కిలోజౌళ్లు అడుగుతుంది, వాతావరణ పీడనంలో వదలాలంటేనే దాదాపు 280 నుంచి 300 డిగ్రీలు కావాలి. హైడ్రోజన్‌లో ఉన్న శక్తిలో మూడోవంతు దాన్ని బయటికి లాగడానికే పోతుంది! పక్కనే అంత వేడి ఊరికే పోతున్న యంత్రం ఉంటే సరే, నీకు లేదు. నీ దగ్గరున్నది ఫ్యూయల్ సెల్ నుంచి వచ్చే 60, 70 డిగ్రీల నీళ్లు. లాంథనం నికెల్‌కీ, టైటానియం ఐరన్‌కీ ఆ నీళ్లు చాలు. లాంథనం నికెల్ పట్టేది 1.4 శాతమే, కేజీ హైడ్రోజన్‌కి 70 కేజీల పొడి కావాలి, అయితే ఏంటట? నీ ట్యాంకు నేలమీద కూర్చునేదే గానీ ఎగిరేది కాదు కదా. జర్మనీ వాళ్ల 212 రకం జలాంతర్గాముల్లో హైడ్రోజన్ దాచేది హైడ్రైడ్ సిలిండర్లలోనే, అక్కడా బరువు అంత గొడవ కాదు.

టైటానియం ఐరన్‌లో అరుదైన లోహాలేం లేవు, దాదాపు 1.9 శాతం పడుతుంది, 1974 నుంచీ తెలిసినదే. మొదటిసారి మింగించడమే నరకం. పైన ఆక్సైడ్ పొర ఉంటుంది, 400 డిగ్రీల దాకా వేడిచేసి, వాక్యూమ్ పెట్టి, హైడ్రోజన్ వదిలి, మళ్లీ మొదటికి రావాలి. రెండు రోజులు గేజ్ ముందు కూర్చున్నా ముల్లు కదలని సందర్భం నాకుంది. కొంచెం మాంగనీస్ కలిపిన రకం తీసుకో, దారికొస్తుంది. ఎలక్ట్రోలైజర్ గ్యాస్‌లో తేమ, కాస్త ఆక్సిజన్ ఉంటాయి, అవి తీసేయకుండా ట్యాంకులోకి పంపితే పడ్డ కష్టమంతా వృథా.

నా మొదటి ట్యాంకు నిలువు గొట్టం, పైదాకా నింపేశాను. హైడ్రోజన్ తాగితే ఆ లాంథనం నికెల్ పొడి దాదాపు 25 శాతం ఉబ్బుతుంది. మెత్తటి పొడంతా అడుగుకి జారి, గట్టిగా బిగిసి, కొన్నాళ్లకి గొట్టం కిందభాగం గర్భిణి పొట్టలా ఉబ్బింది. అడ్డంగా పడుకోబెట్టు, ఖాళీ వదులు, అరలు పెట్టు. ఇంకొకటి, ఒకసారి వాడిన పొడిని గాలిలో తెరవకు, అంటుకుంటుంది. ఆర్గాన్‌లోనే తెరవాలి.

కొలతల్లో మోసపోవడం చాలా తేలిక. ఒకసారి నా శాంపిల్ 3 శాతం తాగిందని పొంగిపోయి అందరికీ చెప్పేశాను, తీరా చూస్తే వాల్వ్ లీకు. కారిపోయిన గ్యాస్ కూడా లోహం తాగినట్టే లెక్కలోకి వస్తుంది మరి. అప్పట్నుంచి శాంపిల్ లేకుండా ఖాళీ గిన్నెతో అవే స్టెప్పులు చేయకుండా ఒక్క నంబర్ కూడా నమ్మను.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. పగలు దాచి రాత్రి వాడుకోవడమే నీ ఉద్దేశమైతే బ్యాటరీ కొనుక్కో. ఎలక్ట్రోలైజర్, ఫ్యూయల్ సెల్ రెండూ దాటేసరికి పెట్టిన కరెంటులో మూడోవంతు చేతికొస్తే గొప్ప. నెలల తరబడి దాచాలి, అధిక పీడన సిలిండర్లు వద్దు అనుకుంటేనే ఇది అర్థవంతం, లోహంలో కూర్చున్న హైడ్రోజన్ ఎన్నాళ్లైనా అలాగే ఉంటుంది.

పొడి ఆర్డర్ చేయకముందే వేడి లెక్క, ట్యాంకు బొమ్మ నాకు పంపు. థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు) ఎక్కడెక్కడ పెడుతున్నావో అందులో గుర్తు పెట్టు. గోడ పక్కన పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు, పొడి నడిమధ్యలో కనీసం ఒకటి కనపడాలి.

నీ పెదనాన్న