ఫోన్ మన మాటలు వింటోందా?

ప్రశ్న: కొంతకాలంగా మోకాళ్ల నొప్పితో బాధపడుతున్నాను. ఆ సంగతి మా చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఫోన్లో ఎక్కడా వెతకలేదు. రెండో రోజుకల్లా మోకాలి బెల్టుల ప్రకటనలు మొదలయ్యాయి. ఫోన్ మా మాటలు వింటోందా? ఇప్పుడు ఫోన్లు పక్క గదిలో పెట్టి మాట్లాడుకుంటున్నాం.
- ఒక పాఠకురాలు

జవాబు: మీ భయం నాకు అర్థమైంది. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు సరిగ్గా ఈ అనుమానంతోనే 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. చాటుగా మాటలు రికార్డు చేసి పంపే యాప్ ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. తెర మీద మనం చేసే పనిని వీడియో తీసి బయటికి పంపేవి మాత్రం దొరికాయి.

మీరు వెతకలేదు, సరే. మీ చెల్లెలు? అక్కకి నొప్పి అని తెలిశాక ఆమె ఆ రాత్రే వెతికి ఉండొచ్చు. ఇద్దరూ ఒకే వైఫై వాడుతుంటే, ఒకరి నంబరు ఇంకొకరి కాంటాక్ట్స్‌లో ఉంటే, మీరిద్దరూ దగ్గరివాళ్లని కంపెనీలు ఇట్టే పోల్చుకుంటాయి. అందుకు మైకుతో పనే లేదు.

అసలు దారి వేరే ఉంది. యాప్ తయారుచేసేవాళ్లు అంతా సొంతంగా రాసుకోరు. ప్రకటనలు చూపడానికి, ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టడానికి బయటి కంపెనీలిచ్చే కోడ్ తెచ్చి యాప్‌లో పెడతారు. దాన్ని ఎస్‌డీకే అంటారు. మీరు యాప్ తెరవగానే ఆ కోడ్ తన కంపెనీకి కబురు పంపుతుంది, దాంతోపాటు మీ ఫోన్ అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే ప్రకటనల కోసం ఫోన్‌కి ఇచ్చిన గుర్తింపు సంఖ్య, కూడా వెళుతుంది. అందులో మీ పేరుండదు. కానీ ఫోన్లోని యాప్‌లన్నింటికీ అదే ఐడీ కాబట్టి, పది చోట్ల మీరు చేసినవన్నీ ఒకే దండలో గుచ్చొచ్చు.

నెలసరి లెక్కలు రాసుకునే 'ఫ్లో' యాప్ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆరోగ్య వివరాలు గోప్యంగా ఉంచుతామని మాటిచ్చి, ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థల విశ్లేషణ విభాగాలకు అందించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం. 2021లో ఆ కేసు రాజీతో ముగిసింది. భర్తకైనా చెప్పుకోలేని విషయాలు అందులో రాసుకున్న ఆడవాళ్లు ఎందరో!

ఆమధ్య మా అమ్మ ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిచాను. ఏ యాప్ ఎప్పుడు మైకు, కెమెరా, లొకేషన్ వాడుకుందో చూపే పేజీ అది. కాగితాలు స్కాన్ చేసే యాప్ ఒకటి ఆ ఒక్కరోజే తొమ్మిదిసార్లు లొకేషన్ తీసుకుంది. టైముతో సహా వరసగా కనబడింది. స్కాన్ చేయడానికి అమ్మ ఎక్కడుందో దానికెందుకు? అక్కడికక్కడే పర్మిషన్ తీసేశాను.

మీరూ అలాగే చూడండి. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్‌లోకి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేయండి. ఐఫోన్ అయితే ప్రైవసీలో ట్రాకింగ్ ఆపేయండి. మైకు భయం ఇంకా ఉంటే, ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు వాడుతున్నప్పుడు తెర పైన ఆకుపచ్చ గుర్తు వస్తుంది, ఐఫోన్లో నారింజ చుక్క వస్తుంది. అది గమనిస్తే చాలు, ఫోన్ పక్క గదిలో పెట్టక్కర్లేదు.

ఇవన్నీ మీ చెల్లెలి ఫోన్లోనూ చేయించండి. మీ మోకాలి సంగతి ఆ ఫోన్ నుంచే బయటికి వెళ్లి ఉంటుందని నా నమ్మకం.