ఘర్షణమాపకమా? ఘర్షణామాపకమా?

సందేహం: గాలి విమానం రెక్కను ఒరుసుకుంటూ పోయేటప్పుడు కలిగే స్కిన్ ఫ్రిక్షన్‌ను ఒక అనువాదంలో 'చర్మ ఘర్షణ' అన్నారు. దాన్ని కొలిచే పరికరాలన్నిటినీ 'ఘర్షణామాపకాలు' అన్నారు. ఈ మాటలు సరైనవేనా?

సమాధానం: 'చర్మ ఘర్షణ' అంటే నాకు గజ్జి మందు ప్రకటన గుర్తొస్తోంది! తెలుగులో చర్మం ప్రాణులకే. పండుకు తొక్క, చెట్టుకు బెరడు. లోహపు రెక్కకు ఉండేది ఉపరితలం కాబట్టి 'ఉపరితల ఘర్షణ' అనండి. 'రాపిడి' మంచి తెలుగు మాటే కానీ, అది వినగానే అరుగుదల మనసులోకి వస్తుంది. ఇక్కడ అరిగేదేమీ లేదు.

ఇక దీర్ఘం సంగతి. సంస్కృతంలో 'ఘర్షణం' నపుంసకలింగం, అందుకని సమాసంలో దీర్ఘం రాదు. భోజనం నుంచి భోజనశాల వచ్చినట్టే ఘర్షణమాపకం. 'ప్రార్థనా' ఆకారాంత స్త్రీలింగం కనుక ప్రార్థనామందిరంలో దీర్ఘం నిలిచింది. ఆ అలవాటే ఇక్కడికీ పాకినట్టుంది.

అయితే అన్ని పరికరాలకూ ఆ పేరు పెట్టడం నాకు నచ్చలేదు. 1954లో ప్రెస్టన్ అనే శాస్త్రవేత్త వివరించిన పద్ధతి చూడండి. గోడకు, అంటే గాలి ఒరుసుకుంటూ పోయే ఉపరితలానికి, ఆనించిన సన్నని పిటో గొట్టం (ప్రవాహానికి ఎదురుగా మూతి తెరిచి ఉండే గొట్టం) లోని పీడనానికీ, అక్కడి గోడ మీది స్థిర పీడనానికీ (ప్రవాహపు తాకిడి కలవని పీడనం) ఉన్న తేడాను కొలుస్తారు. ఆ తేడా నుంచి ఘర్షణను లెక్కగట్టాలి, అదీ ప్రవాహం సంక్షుబ్ధంగా, అంటే సుడులు తిరుగుతూ (టర్బులెంట్‌గా) ఉన్నప్పుడే. అంటే గొట్టం కొలిచేది పీడనాన్ని. దాన్ని 'ప్రెస్టన్ గొట్టం' అంటే సరిపోతుంది.

సతీశ్ ధవన్ అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో వాడిన పరికరం వేరు. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి పెట్టింది ఆయన పేరే. ఆయన గోడలో ఒక చిన్న పలకను చుట్టూ సన్నని సందు వదిలి, విడిగా కదిలేలా అమర్చారు. ప్రవాహం ఆ పలకను ఈడ్చే బలాన్ని నేరుగా కొలిచారు. ఆ ఫలితాలు 1953లో అమెరికా వైమానిక సలహా సంఘం, అంటే నాకా, నివేదికగా వచ్చాయి. ఘర్షణమాపకం అనే పేరు ఇలాంటి దానికి తగుతుంది. ఇంగ్లీషులో దాన్ని బ్యాలెన్స్ అంటారు కాబట్టి 'ఘర్షణ త్రాసు' అన్నా నాకు అభ్యంతరం లేదు. 'ఉపరితలఘర్షణమాపకం' అని ఒకే సమాసం చేస్తే మాత్రం చదివేవాడికి ఊపిరాడదు.

గొట్టాన్ని 'నాళిక' అనాలా అంటారేమో, ఆ అవసరం లేదు.