1871 వెర్సాయ్ బొమ్మ వేసిన ఆంటన్ ఫాన్ వెర్నర్ నిజంగా అక్కడున్నాడా?

మీరు అడిగింది పదో తరగతి సాంఘికశాస్త్రంలో, యూరప్ జాతీయవాదం పాఠంలో ఉన్న జర్మన్ సామ్రాజ్య ప్రకటన బొమ్మ గురించి. వేసినాయన అక్కడుండి చూసి వేశాడా, జవాబులో దాన్ని ఆధారంగా రాయొచ్చా అని మీ సందేహం.

ఉన్నాడండీ. 1871 జనవరి 18న పారిస్ దగ్గరి వెర్సాయ్ కోటలోని అద్దాల మందిరంలో ప్రష్యా రాజు విల్‌హెల్మ్‌ను జర్మన్ చక్రవర్తిగా ప్రకటించినప్పుడు వెర్నర్ అక్కడే ఉన్నాడు. అప్పటికి ఆయనకు 27 ఏళ్ళు. అంతకుముందు శరదృతువులోనే, ఫ్రాన్స్‌తో యుద్ధం చేస్తున్న ప్రష్యా యువరాజు సైన్యం వెంట అక్కడికి వెళ్ళి బొమ్మలు గీసుకొచ్చాడు కాబట్టి యువరాజుకు బాగా తెలిసినవాడే. జనవరిలో కార్ల్స్‌రూహెలో ఉండగా టెలిగ్రామ్ వచ్చింది: 18వ తేదీ లోపల రాగలిగితే మీ కుంచెకు తగిన సంగతి ఒకటి చూస్తారు అని. అదేమిటో అందులో లేదు. సరిగ్గా వేళకు చేరుకుని, ఆ గుంపులో నిలబడే పెన్సిల్‌తో స్కెచ్‌లు గీసుకున్నాడు.

అయితే మీ పుస్తకంలో ఉన్నది ఆ స్కెచ్‌ల నుంచి వెంటనే వేసిన బొమ్మ కాదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఇదే ఘట్టాన్ని వెర్నర్ ఒకసారి కాదు, పలుమార్లు వేశాడు. మొదటిది 1877లో, చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ 80వ పుట్టినరోజుకు జర్మన్ రాజులు ఇచ్చిన కానుక. 4.34 మీటర్ల ఎత్తు, 7.32 మీటర్ల వెడల్పుతో బెర్లిన్ రాజభవనంలో ఉండేది. రెండోది 1882లో బెర్లిన్ ఆయుధాగారం గోడ మీద వేసింది. ఈ రెండూ రెండో ప్రపంచయుద్ధంలో నాశనమయ్యాయి. మూడోది 1885 ఏప్రిల్ 1న, జర్మనీ ఏకీకరణను నడిపించిన ఛాన్సలర్ బిస్మార్క్ 70వ పుట్టినరోజుకు రాజకుటుంబం ఇచ్చిన కానుక. 1.67 మీటర్ల ఎత్తు, 2.02 మీటర్ల వెడల్పు. హాంబర్గ్ దగ్గర ఫ్రీడ్రిక్స్‌రూలోని బిస్మార్క్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. పాఠ్యపుస్తకాల్లో, వెబ్‌సైట్లలో రంగుల్లో కనిపించేది దాదాపు ఎప్పుడూ ఈ మూడోదే.

ఏ బొమ్మ ఏదో పోల్చుకోవడం కష్టమేమీ కాదు. తెల్ల యూనిఫాంలో బిస్మార్క్ నట్టనడుమ నిలబడి, చూపు తిన్నగా ఆయన మీదికే వెళ్తోందంటే అది 1885 బొమ్మ. సభను కాస్త దూరం నుంచి చూస్తున్నట్టు, హెల్మెట్లు, కత్తులు పైకెత్తిన అధికారుల గుంపే బొమ్మంతా పరుచుకుని, చక్రవర్తి వేదిక ఒక పక్కకు ఉంటే అది 1877ది. దానికి పాత ఫొటోలే దిక్కు. చాలామంది 1877 తేదీ, కొలతలు రాసి పక్కన 1885 బొమ్మ పెడతారు. అక్కడ తప్పితే ఇక విశ్లేషణంతా తప్పుతుంది.

ఇప్పుడు 1885 బొమ్మను దగ్గరగా చూడండి. ఆ రోజు బిస్మార్క్ వేసుకున్నది నీలం కోటు, తెల్లది కాదు. బొమ్మలో ఆయన ధరించిన పూర్ ల మెరిత్ అనే ప్రష్యా గౌరవ పతకం ఆయనకు వచ్చిందే 1884లో. యుద్ధమంత్రి రోన్ జబ్బుపడి ఆ సభకే రాలేదు, పైగా 1879లో చనిపోయాడు. అయినా బొమ్మలో ఉన్నాడు. ఇవి మరిచిపోయి చేసిన పొరపాట్లు కావు. అంతకుముందు ఒక్కొక్క అధికారిని విడివిడిగా కూర్చోబెట్టి వాళ్ళ ముఖాలు గీసి సిద్ధం చేసుకున్న మనిషి వెర్నర్. ఎవరు ఉన్నారో, ఎవరు లేరో ఆయనకు తెలుసు.

బొమ్మలో లేని సంగతి ఇంకొకటుంది. విల్‌హెల్మ్ దేశమంతా తనదే అనిపించే 'జర్మనీ చక్రవర్తి' అనే బిరుదు కావాలన్నాడు. మిగతా రాజులు ఒప్పుకోరని బిస్మార్క్ 'జర్మన్ చక్రవర్తి' దగ్గరే పట్టుబట్టాడు. ఆ రగడ తేలకుండానే సభ మొదలైంది. బాడెన్ అనే జర్మన్ రాజ్య పాలకుడు రెండూ అనకుండా 'చక్రవర్తి విల్‌హెల్మ్' అని జయధ్వానం చేయించి గట్టెక్కించాడు. వేదిక దిగిన విల్‌హెల్మ్ బిస్మార్క్‌తో చేయి కలపకుండానే ముందుకు వెళ్ళిపోయాడు. బొమ్మలో చూస్తే ఇద్దరి మధ్యా ఏ పొరపొచ్చమూ కనిపించదు. (దీన్ని పట్టాభిషేకం అని రాయకండి. అక్కడ కిరీటమూ లేదు, అభిషేకమూ లేదు.)

వెర్నర్‌లోని రచయిత మనకు పనికొచ్చేది ఇక్కడే. 1870 నుంచి 1890 వరకు తన అనుభవాలను పుస్తకంగా రాసి 1913లో అచ్చువేశాడు. సభ ఏ ఆర్భాటమూ లేకుండా చాలా క్లుప్తంగా ముగిసిందని, బిస్మార్క్ ప్రకటనను జీవంలేని గొంతుతో చదివాడని అందులో ఆయనే చెప్పాడు. కుంచె పెద్దది చేసిన ఘట్టాన్ని కలం ఉన్నంతలోనే చూపించింది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఈ మనిషి అర్థం కాడని నా గట్టి నమ్మకం. కాకపోతే ఆ పుస్తకం ఘటన జరిగిన నలభై ఏళ్ళకు, అప్పటికే రాజుగారి చిత్రకారుడిగా స్థిరపడ్డ మనిషి అచ్చువేసిందని గుర్తుంచుకోవాలి.

జవాబులో ఇలా రాయించండి: "1871 ఘటనను 1885 నాటి రాజకుటుంబం ఎలా చూపించుకోవాలనుకుందో చెప్పే ఆధారం." ఆ తర్వాత తెల్ల యూనిఫాం, రోన్, ఈ రెండు ఉదాహరణలు చాలు.

ఆయన మిగతా జీవితం క్లుప్తంగా: 1843లో ఓడర్ నది ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు (మైన్ నది మీది పెద్ద ఫ్రాంక్‌ఫర్ట్ వేరు, చాలామంది కలిపేస్తారు). 1875 నుంచి 1915లో చనిపోయేదాకా బెర్లిన్‌లోని చిత్రకళల కళాశాలకు డైరెక్టర్. 1892 నవంబరులో నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ ప్రదర్శనను బెర్లిన్ కళాకారుల సంఘం 120–105 ఓట్లతో వారానికే మూయించినప్పుడు, మూయాలన్న పక్షానికి ముందు నిలిచింది వెర్నరే. అది ఆయన చేసిన పెద్ద తప్పు. కొత్త చిత్రకారులు ఆయనకు దూరమవడానికి ఒక కారణం కూడా.

అంతమాత్రాన ఆయన చేయి తీసిపారేయదగ్గది కాదు. బెర్లిన్‌లో ఎవరైనా ఉంటే పాత జాతీయ గ్యాలరీలో 1894లో వేసిన చిత్రం ఒకటి చూడమనండి. పారిస్ ముట్టడి రోజుల్లో ఒక ఫ్రెంచి కోటలో జర్మన్ సైనికులు బస చేశారు. ఒకడు పియానో వాయిస్తున్నాడు, ఒకడు పాడుతున్నాడు, నాజూకైన ఆ గదిలో వాళ్ళ బూట్లకు అంటిన బురద ఇంకా తడారలేదు.