పాఠాలు చెప్పే డాక్టరు కావాలనుకోవడం తప్పా?

ప్రశ్న: ఒంగోలులో ఎంబీబీఎస్ మూడో ఏడాది చదువుతున్నాను. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు, నాన్న సేద్యం చేస్తారు. పీజీ అయ్యాక వైద్య కళాశాలలో అధ్యాపకురాలిగా చేరి, పరిశోధన కూడా చేయాలని నా కోరిక. ఆ మాట చెబితే తోటివాళ్లు ‘ప్రాక్టీసు జరగనివాళ్లే పాఠాలు చెప్పుకుంటారు’ అంటున్నారు. నేను కనిగిరిలో ఆసుపత్రి పెడతానని నాన్న ఆశ పెట్టుకున్నారు. నా ఆలోచన తప్పా?
— ఒక వైద్య విద్యార్థిని, ప్రకాశం జిల్లా

జవాబు: తప్పు కాదమ్మా. అయితే మీ తోటివాళ్ల మాట ఎక్కడినుంచి పుట్టిందో ముందు చూద్దాం. వైద్య విద్యలో అడుగుపెట్టగానే విద్యార్థికి ఎదురయ్యేది శరీర నిర్మాణం, పనితీరు, రసాయన చర్యలు నేర్పే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ విభాగాలు. అక్కడి అధ్యాపకులు సాధారణంగా రోగులను చూడరు. పీజీ కౌన్సెలింగ్‌లో ఆ శాఖల సీట్లకు పోటీ తక్కువగా ఉండడం, కొన్ని మిగిలిపోవడం కూడా వాళ్లు గమనిస్తారు. ఈ రెండూ కలిసి, బోధన అంటే వేరే దారి దొరకనివారు చేరే చోటు అన్న అభిప్రాయం చాలామందిలో పాతుకుపోయింది. కానీ మెడిసిన్, సర్జరీ, పిల్లల వైద్యం, ప్రసూతి విభాగాల్లోని ఆచార్యులు ఉదయం ఓపీ చూసి, వార్డులో రౌండ్స్ చేసి, అవసరమైతే ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లి, ఆ రోగుల మంచాల పక్కనే మీకు పాఠం చెబుతున్నారు. వాళ్లు వైద్యం మానుకుని పాఠం చెబుతున్నవారు కారు.

మీ ప్రాంతపు సంగతే ఒకటి చెబుతాను. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1937 నాటికి ఇంకా నెల్లూరు జిల్లాలో ఉండేవి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఆ పల్లెల్లో పళ్లు గారపట్టడం, నడివయసుకే వెన్ను బిగుసుకుపోయి నడుము వంగిపోవడం జనానికి తరతరాలుగా తెలిసినవే. వాటికి మూలం తాగే నీటిలోని ఫ్లోరైడ్ అని మన దేశంలో మొట్టమొదట వైద్య పత్రికకు ఎక్కించినది, 1937లో, మద్రాసు గిండీలోని వైద్య పరిశోధన సంస్థ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు. నొప్పికి మాత్రలిచ్చి పంపడం ఏ వైద్యుడైనా చేయగల పనే. ‘ఈ ఊళ్లోనే ఇంతమందికి ఎందుకు వస్తోంది?’ అని అడిగి, లెక్క రాసి, నీళ్లు పరీక్షించడానికి మాత్రం పరిశోధనకు అలవాటుపడ్డ మనిషి, ఆ పనికి వెసులుబాటిచ్చే సంస్థ కావాలి. ఆ ప్రశ్న మీ ఊరి బావి దగ్గర మొదలైనది కాబట్టే మీకు చెబుతున్నాను.

ఇక కష్టాల మాట దాచను. రోగులను చూసే క్లినికల్ శాఖల్లో సాధారణంగా మూడేళ్ల పీజీ తరువాత ఏడాదిపాటు బోధనాసుపత్రిలో సీనియర్ రెసిడెంటుగా పనిచేస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వస్తుంది. ఆ హోదాలో నాలుగేళ్లు పనిచేసి, కనీసం రెండు పరిశోధన పత్రాలు ప్రచురించి, బోధనా పద్ధతులలోనూ పరిశోధనా పద్ధతులలోనూ నిర్దేశించిన కోర్సులు పూర్తిచేస్తే అసోసియేట్ ప్రొఫెసర్, మరో మూడేళ్ల తరువాత, మరికొన్ని పత్రాలతో, ప్రొఫెసర్. బాగా నడిచే సొంత ఆసుపత్రి తెచ్చే రాబడి జీతంలో రాదు. ప్రభుత్వ కొలువైతే బదిలీలుంటాయి. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఒకటుంది: ఓపీ రద్దీలో రోజంతా గడిచిపోతే పరిశోధనకు రాత్రివేళ తప్ప సమయం మిగలదు, పదోన్నతి కోసమే పత్రాలు రాసే అలవాటు అక్కడే మొదలవుతుంది. పరిశోధన మీద విద్యార్థులకు గౌరవం తగ్గడానికి అటువంటి పత్రాలు కూడా కారణమే. మీరు ఈ దారిలోకి వస్తే మీకు నిజంగా జవాబు కావలసిన ప్రశ్న మీదే పనిచేయండి, పత్రాల సంఖ్య తగ్గినా సరే.

నిర్ణయం ఇప్పుడే తీసుకోనక్కరలేదు, రుచి చూడవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం స్వల్పకాలిక పరిశోధన పథకం నడుపుతోంది. మీ కళాశాల అధ్యాపకులలో ఒకరిని మార్గదర్శిగా ఎంచుకుని, చిన్న ప్రతిపాదన పంపాలి. ఎంపికైతే రెండు నెలలు పనిచేసి నివేదిక ఇవ్వాలి. ఆ రెండు నెలల్లో రోగుల వివరాలు ఓపికగా రాసుకోవడం మీకు విసుగనిపించిందా, నిద్రపట్టనంత ఆసక్తి కలిగించిందా అన్నది మీ తోటివాళ్ల మాటలకన్నా స్పష్టంగా దారి చూపుతుంది.

నాన్నగారి విషయంలో వాదన వద్దు. తన కూతురు రోగులకు దూరమైపోతుందేమోనన్నదే ఆయన భయమని నాకు అనిపిస్తోంది. ఒకరోజు ఉదయం ఆయనను మీ బోధనాసుపత్రి మెడిసిన్ ఓపీకి తీసుకెళ్లి, బయట బల్ల మీద కూర్చోబెట్టండి. కనిగిరి వైపు నుంచి బస్సెక్కి వచ్చినవారు ఆ వరుసలో ఎంతమంది ఉన్నారో, వారిని చూస్తున్న ఆచార్యుల చుట్టూ నిలబడి నేర్చుకుంటున్న మీ వయసు పిల్లలు ఎంతమందో ఆయనే చూస్తారు.