దుబాయ్ ఆర్డర్ వచ్చింది, ఫైలు తెరవనా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఇంటి దగ్గరే కారం, పొడులు, పచ్చళ్లు తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాను. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఉంది, ఎగుమతులకు కావాల్సిన కోడ్ ఐఈసీ కూడా ఈమధ్యే తీసుకున్నాను. దుబాయ్‌లోని ఒక ట్రేడింగ్ కంపెనీలో పర్చేజ్ మేనేజర్‌నంటూ ఒకాయన మెయిల్ పెట్టాడు. 2 టన్నుల కారం, 500 కిలోల ఆవకాయ కావాలట. ధర ఎంతైనా పర్లేదట. మిగతా వివరాలు జిప్ ఫైల్లో ఉన్నాయని, దాని పాస్‌వర్డ్ మెయిల్ చివర ఇచ్చానని రాశాడు. మోసమేమోనని అనుమానం, నిజమైతే వదులుకున్నట్టవుతుందని టెన్షన్. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ముందు ఒక్క మాట చెప్పండమ్మా, ఆ ఫైలు తెరిచారా? ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య వరసగా వస్తున్నాయి. దుబాయ్ బదులు ఒమన్ ఉంటుంది, కారం బదులు పసుపు ఉంటుంది, మిగతా కథంతా అదే. అందరూ అడిగేది డబ్బు పోతుందా అనే. ఫైలు గురించి ఎవరూ అడగరు. ఎదుటివాడు డబ్బు కట్టమంటే మనవాళ్లు జాగ్రత్తగానే ఉంటారు, గుంటూరు వ్యాపారి చేత ముందుగా పైసా కట్టించడం అంత తేలిక కాదు. అదే ‘ఆర్డర్ వివరాలు’ అని ఫైలొస్తే మాత్రం వెనకాముందూ చూడకుండా నొక్కేస్తారు.

ఓటీపీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి లాంటివి మళ్లీ రాయను. కాలర్ ట్యూన్లలో ఆ హెచ్చరికలు విని విని మీకే విసుగొచ్చి ఉంటుంది.

ఆ జిప్‌కి పాస్‌వర్డ్ ఎందుకు పెట్టాడో ఆలోచించండి. రహస్యం కోసమే అయితే ఆ పాస్‌వర్డ్‌ని అదే మెయిల్లో రాసి పంపడు. మీ మెయిల్ సర్వీసు వచ్చే ప్రతి ఫైలునీ వైరస్ ఉందేమోనని తనిఖీ చేస్తుంది. పాస్‌వర్డ్ పెట్టిన ఫైలు లోపల ఏముందో ఆ తనిఖీకి కనపడదు, అందుకని చాలాసార్లు వదిలేస్తుంది. పాస్‌వర్డ్ పెట్టింది దాని కళ్లు కప్పడానికి.

లోపల పర్చేజ్ ఆర్డర్ అన్న పేరుతో, పీడీఎఫ్ బొమ్మతో ఒక ఫైలుంటుంది. నిజానికి అదొక ప్రోగ్రామ్. నొక్కితే ఏమీ తెరుచుకోదు. ‘ఫైలు పాడైనట్టుంది, మళ్లీ పంపండి’ అని మీరు మర్యాదగా జవాబు రాస్తారు. ఈలోపు దాని పని అది చేసుకుపోతుంది. ఏజెంట్ టెస్లా, ఫామ్‌బుక్ అనే పేర్లతో తిరిగే ఈ జాతి ప్రోగ్రాములు ఏళ్ల తరబడి కొటేషన్ అడిగే మెయిళ్ల వెంటే వస్తున్నాయి. బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు, మీరు టైపు చేసే అక్షరాలు ఎత్తుకుపోతాయి. ఈ రకంలో కొన్ని లాగిన్ కుకీలను కూడా పట్టుకుపోతాయి. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక మళ్లీ మళ్లీ అడగకుండా బ్రౌజర్ దాచిపెట్టుకునే గుర్తే కుకీ. అది వాడికి చిక్కితే పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. మీ మెయిల్ వాడి ఇంట్లో తెరుచుకుంటుంది.

తెరుచుకున్నాక వెంటనే ఏమీ చేయడు. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఈ ఓపికే. పాత మెయిళ్లు చదువుతాడు. మీరు ఎవరికి ఎంతకి అమ్ముతున్నారో, ఇన్‌వాయిస్ ఎలా రాస్తారో, ‘నమస్తే అండీ’ అని మొదలుపెడతారో ‘డియర్ సర్’ అంటారో గమనిస్తాడు. న్యూజెర్సీలో కిరాణా దుకాణం నడిపే నిజమైన కస్టమర్ అడ్వాన్స్ పంపడానికి సిద్ధమైన రోజున మీ మెయిల్ నుంచే, మీ మాటల్లోనే ఆయనకి ఒక ఉత్తరం వెళ్తుంది: ‘మా ఖాతాలో ఆడిట్ నడుస్తోంది, ఈసారికి ఈ కొత్త ఖాతాకి పంపండి’. ఆయన జవాబు మీకు కనపడకుండా ముందే ఒక ఫిల్టర్ పెట్టి ఉంచుతాడు. ఆయన డబ్బు పంపించేశానంటాడు, మీరు రాలేదంటారు. వారం తర్వాత ఇద్దరూ పోట్లాడుకుంటుంటే డబ్బు మూడో దేశం దాటి ఉంటుంది. ఇంతకీ పోయింది దుబాయ్ ఆర్డర్ వల్ల వచ్చిన డబ్బు కాదు, ఎప్పటినుంచో మిమ్మల్ని నమ్మిన మనిషి డబ్బు.

ఫైలు తెరిచి ఉంటే ఆ ల్యాప్‌టాప్‌కి నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే చాలదు. మెయిల్ సెట్టింగుల్లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ చూడండి, మీరు పెట్టనివి ఉంటే తీసేయండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ కూడా చూడాలి. బ్యాంకుకి చెప్పండి. డబ్బు కదిలిందని తెలిస్తే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తెల్లారాక చూద్దామనుకోవద్దు. ల్యాప్‌టాప్‌ని పూర్తిగా ఫార్మాట్ చేయించాకే మళ్లీ వాడండి. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి: జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు, వాట్సాప్ వెబ్ అన్నీ తెరిచి ఉండే ల్యాప్‌టాప్‌లోనే మీ అబ్బాయి గేమ్‌ల కోసం ఎక్కడెక్కడివో డౌన్‌లోడ్ చేస్తున్నాడా? చాలా ఇళ్లలో ఇదే తంతు.

అలాగని తప్పంతా మీ మీదే వేయడం న్యాయం కాదు. ఫైలు పేరు చివర అదేం రకమో చెప్పే మూడు నాలుగు అక్షరాలుంటాయి. పీడీఎఫ్ అని ఉంటే కాగితం, ఈఎక్స్ఈ అని ఉంటే ప్రోగ్రామ్. మన ఊళ్లో అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం విండోస్‌వి, అవి ఆ అక్షరాలను దాచేసి చూపిస్తాయి, కొన్న రోజు నుంచీ. దాంతో ‘ఆర్డర్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ అనే ఫైలు మీకు ‘ఆర్డర్.పీడీఎఫ్’గా కనపడుతుంది. ప్రోగ్రామ్ రాసినవాడు దానికి తనకిష్టమైన బొమ్మ తగిలించుకోవచ్చు కాబట్టి పీడీఎఫ్ బొమ్మ కూడా అతికిస్తాడు. జనం ఫైలు పేరు మారుస్తూ ఆ చివరి అక్షరాలు చెరిపేసుకుంటారని, తర్వాత ఫైలు తెరుచుకోక తికమక పడతారని దాచారట. పేరు చెరిగితే మళ్లీ రాసుకోవచ్చు, ఖాతా ఖాళీ అయితే ఏం చేయాలి? ప్రతి అప్‌డేట్‌కీ బటన్లు అటూ ఇటూ జరుపుతారు, మూలలు గుండ్రం చేస్తారు, అడక్కుండానే ఏఐ సహాయకుడిని తెచ్చి కూర్చోబెడతారు. ఈ ఒక్క సెట్టింగును తిరగేయడానికి మాత్రం ఇన్నేళ్లలో ఎవరికీ చేయి రాలేదు.

ఫోన్లలో మెయిల్ యాప్‌లూ ఇదే తీరు. పంపినవాడి పేరు పెద్దక్షరాల్లో చూపిస్తాయి, అసలు అడ్రసు చూడాలంటే ఆ పేరు మీద నొక్కాలి. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. అంటే నమ్మకూడనిది కళ్ల ముందు పెట్టి, నమ్మదగ్గది లోపల దాస్తున్నారు. తెర శుభ్రంగా కనపడాలట.

సరే, మీ ల్యాప్‌టాప్‌లో ఏదైనా ఫోల్డర్ తెరిచి, పైన వ్యూ, షో అనే వాటి కింద ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ దగ్గర టిక్ పెట్టండి. ఇకపై పూర్తి పేరు కనపడుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఆ మెయిల్ మళ్లీ చదవండి. అందులో కారం గురించి ఏమైనా ఉందా? 2 టన్నుల కారం నిజంగా కొనేవాడు మిర్చి తేజా రకమా, 334 రకమా అని అడుగుతాడు. తొడిమలు తీసి ఆడిస్తారా, తేమ శాతమెంత, ఆస్టా అనే కొలతలో రంగు ఎంత వస్తుంది, ఘాటు ఎంత, బూజు వల్ల చేరే విషం అఫ్లటాక్సిన్ పరీక్ష రిపోర్టు ఉందా, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందా అని ప్రాణం తీస్తాడు. చెన్నై రేవు దాకా ఖర్చు మీదా, దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవు దాకా మీదా అని ఎఫ్ఓబీ, సీఐఎఫ్ లెక్కలు మాట్లాడతాడు. ఇక ధర దగ్గర కిలోకి రూపాయి కోసం మూడు రోజులు లాగుతాడు. ‘ధర ఎంతైనా పర్లేదు’ అనే మాట గుంటూరు మిర్చి యార్డులో ఎవరి దగ్గరైనా అని చూడండి, టీ తాగుతూ నవ్వుకుంటారు.

చిన్న కస్టమర్‌కి ఈ భాష రాదు, కానీ అతనికీ సరుకు గురించే బెంగ. డాలస్‌లో ఉన్న అక్కయ్య ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి, నూనె కారకుండా ప్యాక్ చేస్తారా, వెల్లుల్లి లేకుండా ఒక సీసా పెట్టగలరా, మా అత్తగారికి ఉప్పు తక్కువ కావాలి అంటుంది. ఆవిడ మెయిల్ జీమెయిలే. కాబట్టి కంపెనీ మెయిల్ ఉంటే మంచివాడు, జీమెయిల్ అయితే దొంగ అనే పాత సూత్రం పక్కన పెట్టండి. ఇంగ్లీషు తప్పులు చూసి పట్టుకోవడం కూడా ఇక కుదరదు. ఏఐ పుణ్యమా అని దొంగల ఇంగ్లీషు ఇప్పుడు నిఖార్సుగా ఉంటోంది. తప్పుల తడకగా రాసేది మలేషియాలో నిజంగా కొట్టు నడుపుకునే పెద్దమనిషి.

కంపెనీ ఉందా లేదా చూడటం కష్టం కాదు. బ్రిటన్‌వైతే కంపెనీస్ హౌస్‌లో, ఆస్ట్రేలియావైతే ఏబీఎన్ లుకప్‌లో పైసా కట్టకుండా వెతకొచ్చు. అయితే అలాంటి కంపెనీ ఉన్నంత మాత్రాన మెయిల్ రాసింది వాళ్లేనని కాదు. పేరున్న కంపెనీ వేషం కట్టడం వీళ్లకి మామూలే. మెయిల్ అడ్రసులో ఇంగ్లీషు ‘ఎం’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే ఫోన్ తెరమీద తేడా తెలియదు. అడ్రసులో @ తర్వాత ఉండే పేరే డొమైన్, అది ఎప్పుడు నమోదైందో ఐకాన్ (ICANN) లుకప్ అనే సైట్లో చూడండి. ఇరవై ఏళ్ల కంపెనీ అని చెప్పుకునేవాడి డొమైన్ పోయిన నెలలో పుట్టి ఉంటే ఇక వెతకక్కర్లేదు. ఫోన్ చేయాలంటే మెయిల్ కింద ఇచ్చిన నంబరుకి చేయకండి, ఆ కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి చేయండి.

ఇవన్నీ చేసే ఓపిక లేకపోతే ఒక్క జవాబు రాసి ఊరుకోండి: ‘ఫైళ్లు తెరవం, కావాల్సిన సరుకు, పరిమాణం, ప్యాకింగ్ మెయిల్లోనే టైపు చేసి పంపండి’. కొనేవాడికి అది రెండు నిమిషాల పని. దొంగ మాత్రం ఫైలే తెరవాలని పట్టుబడతాడు, లేదంటే మాయమవుతాడు.

శాంపిల్ అడిగితే పంపడంలో తప్పులేదు. పెద్ద దిగుమతిదారులు చాలామంది తమ కొరియర్ ఖాతా నంబరిచ్చి, ఖర్చు దానిమీద వేయమంటారు. ఊరికే శాంపిళ్లు పోగేసుకునేవాళ్లూ ఉంటారు, పోతే పావుకిలో కారం.

ప్రశ్న: విజయవాడలో కొండపల్లి బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. అమెరికా కస్టమర్ ఒకాయన లక్షా ఎనభై వేల ఆర్డరిచ్చి, కార్డుతో రెండు లక్షల నలభై వేలు కడతానంటున్నాడు. పైనున్న అరవై వేలు తన షిప్పింగ్ ఏజెంటుకి నన్ను పంపమంటున్నాడు, ఏజెంటు కార్డు తీసుకోడట. డబ్బు ముందే వస్తోంది కదా, నాకేం నష్టం?

జవాబు: ఆ కార్డు ఆయనది కాదు. అసలు యజమాని స్టేట్‌మెంట్ చూసుకుని బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే మొత్తం రెండు లక్షల నలభై వేలూ మీ ఖాతా నుంచే వెనక్కి లాగుతారు. కార్డు లావాదేవీని నెలల తర్వాత కూడా సవాలు చేయొచ్చు, సాధారణంగా 120 రోజుల దాకా గడువుంటుంది. ‘ఏజెంటు’కి మీరు పంపిన అరవై వేలు తిరిగి రావు. బొమ్మలు కూడా వెళ్లిపోయి ఉంటే అదో నష్టం. ఖాతాలో డబ్బు కనపడటం వేరు, అది మీది కావడం వేరు.

ఆయన మిమ్మల్ని ఏం అడగలేదో కూడా చూడండి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి పోయింది. అప్పటినుంచి అక్కడి నిజమైన కస్టమర్ మొదట అడిగేది డ్యూటీ ఎవరు కట్టాలనే. రంగులు పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదమా అని కూడా అడుగుతారు. ఈయనకి ఈ రెండూ పట్టలేదు, ఏజెంటు మీదే ధ్యాసంతా.

ఇలాగే విదేశీ బ్యాంకు నుంచి డబ్బు పంపినట్టు చూపే రసీదు, ‘స్విఫ్ట్ కాపీ’ అని పీడీఎఫ్ పంపి సరుకు పంపమనేవాళ్లున్నారు. అలాంటి కాగితం ఎవరైనా తయారుచేసుకోవచ్చు. డబ్బు పడిందో లేదో మీ బ్యాంకు చెప్పాలి. ‘మీ పేపాల్ డబ్బు ఆగి ఉంది, ట్రాకింగ్ నంబరు పెడితే విడుదలవుతుంది’ అనే మెయిల్ వస్తే అందులోని బటన్ నొక్కకుండా మీరే విడిగా లాగిన్ అయి బ్యాలెన్స్ చూసుకోండి.

ప్రశ్న: మంగళగిరి చీరల వెబ్‌సైట్ నడుపుతున్నాను. మా షాపు పేరుతో డాట్ సీఎన్ డొమైన్‌ని ఎవరో తీసుకోబోతున్నారని, వెంటనే జవాబివ్వకపోతే వాళ్లకే ఇచ్చేస్తామని చైనా రిజిస్ట్రారుని అంటూ మెయిల్ వచ్చింది. కొనాలా?

జవాబు: అక్కర్లేదు. ఆ ‘ఎవరో’ లేనేలేరు. మీ చేత ఎక్కువ ధర పెట్టి ఆ పేరు కొనిపించడానికి ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న పాత మెయిలే ఇది. జవాబిస్తే మీ అడ్రసు పనిచేస్తోందని తెలుసుకుని ఇంకో నాలుగు పంపుతారు. స్పామ్‌లో పడేసి, మీ డాట్ ఇన్ రెన్యువల్ తేదీ ఎప్పుడో చూసుకోండి. నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామందికి అది గుర్తుండదు.